కోరిన మరుక్షణం

మా నిఘంటువు 'ర' దాకా రావడానికి నలభై ఆరేళ్ళు పట్టింది. అంత కాలంలో మనిషన్నవాడు పుట్టి, పెరిగి, పెళ్ళాడి, మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాడు. మేం మాత్రం 'అ' దగ్గర బయల్దేరి ఇప్పుడే 'ర' గుమ్మంలో చెప్పులు విప్పాం. మా ఆఫీసు కింద కుట్టుమిషన్ల కొట్టు ఉంది. దర్జీ నన్ను మెట్ల మీద చూసినప్పుడల్లా "ఏమ్మా, ఈ జన్మకి అవుతుందా మీ పుస్తకం?" అని అడుగుతాడు. "నువ్వు పోయినేడు ఒప్పుకున్న కోటు అయ్యాక చెప్తా" అంటాను. అతను నవ్వుతాడు గానీ నాకు లోపల ఒళ్ళు మండుతుంది.

నా పని చీటీలు. చీటీ అంటే అరచేతిలో పట్టే కాగితం ముక్క. పైన ఎడమవైపు మాట, మధ్యలో ఆ మాట వాడిన వాక్యం, దాని కింద ఆ వాక్యం ఎక్కడిది, ఏనాటిది. అట్టడుగున చీటీ రాసినవారి పొడి అక్షరాలు, రాసిన తేదీ. వెనక్కి తిప్పితే ఒకే ఒక ప్రశ్న అచ్చువేసి ఉంటుంది: 'ఈ మాట మీ ఎరుకలో ఇంకా వాడుకలో ఉన్నదా?' నిఘంటువు మొదలైన కొత్తలో ఇలాంటి ఖాళీ చీటీలు కట్టలు కట్టి బళ్ళకీ కాలేజీలకీ పంపారట. చదువుకున్నవాళ్ళూ, చదువుకుంటున్నవాళ్ళూ పైసా ఆశించకుండా నింపి పంపారు. అవి ఇప్పుడు నాలుగు లక్షలు. చెప్పుల దుకాణం వాళ్ళు పారేసిన అట్టపెట్టెల్లో, అక్షరాల వరుసలో, మూడు గదుల గోడల నిండా ఉన్నాయి. వాటిని కాపలా కాస్తాను కాబట్టి ఆఫీసులో నా పేరు చీటీలమ్మ. అసలు పేరుతో ఎవరైనా పిలిస్తే నేనే వెనక్కి తిరిగి చూడను.

మా సంపాదకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. నేను మాత్రం మాస్టారూ అంటాను, ఎందుకంటే నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. చేరిన మొదటి రోజు నాకు ఒకే ఒక్క పాఠం చెప్పారు. "తేదీ లేని చీటీ చిత్తుకాగితం. రాసిన రోజు వెయ్యి, లేకపోతే రాయకు." ఆ మాట నేను నెత్తిన పెట్టుకున్నాను. తేదీ వెయ్యలేదని పెద్ద పెద్ద ప్రొఫెసర్ల చీటీలు వెనక్కి తిప్పి పంపి, వాళ్ళ చేత తిట్లు తిన్నాను. తిట్టినవాళ్ళ గురించి మాస్టారికి చెప్తే, "బాగా చేశావు" అని ఒక్క మాట అనేవారు. ఆ ఒక్క మాటకి నాకు వారం రోజులు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఆయనకీ నాకూ ఉన్న సంబంధం తెలియాలంటే మా అమ్మ గురించి చెప్పాలి. మాస్టారి నాన్న ప్లీడరు. ఆ ఇంట్లో మా అమ్మ వెట్టి మనిషి. మా తాత ఎప్పుడో ఏదో కాగితం మీద వేలిముద్ర వేశాడట. ఆ ముద్రకి ముందు మా తాత, తర్వాత మా నాన్న, నాన్న పోయాక అమ్మ, అమ్మతో పాటు మేం, ఆ ఇంటి సామాన్లలో కలిసిపోయాం. జీతం లేదు. గేటు దాటాలంటే అడగాలి. పెరట్లో బొగ్గుల గది పక్కన ఇంకో గది ఉండేది, అది మాది. మేం అంటే నేనూ అక్కా. అక్క నాకంటే ఆరేళ్ళు పెద్ద. ప్లీడరుగారి అమ్మాయి కాపురానికి వెళ్తూ అక్కడ పనికి ఉంటుందని అక్కని వెంట తీసుకెళ్ళింది. అప్పటికి అక్కకి పదమూడేళ్ళు. అమ్మ ప్లీడరుగారి కాళ్ళ మీద పడి, పంపొద్దని అడిగింది. అడగడమేమిటి, వాకిట్లో అందరూ చూస్తుండగా తల నేలకేసి కొట్టుకుంది. పక్కన నిలబడ్డ మాస్టారు అమ్మని లేవదీసి, "ఏడాదిలో తీసుకొచ్చేస్తాం, ఊరుకో" అన్నారు. ఏడాదిన్నరకి అక్కకి జ్వరమని కబురు వచ్చింది. మర్నాడు రెండో కబురు వచ్చింది.

నాకు పన్నెండేళ్ళప్పుడు ఇళ్ళలో వెట్టిని రద్దు చేస్తూ పెద్ద చట్టం వచ్చింది. ఎవరైనా ఉంచుకుంటే జైలు. దండోరా వేశారు, గోడల మీద అంటించారు, ఇప్పటికీ బడి పుస్తకాల్లో ఆ ఏడాది పిల్లల చేత బట్టీ పట్టిస్తారు. అప్పటికి ప్లీడరుగారు పోయి ఏడాదైంది. ఆ పొద్దున్నే మాస్టారు పేపరు పట్టుకుని పెరట్లోకి వచ్చారు. అమ్మ అంట్లు తోముతోంది. "చెయ్యి కడుక్కో. ఈరోజు నుంచి నువ్వు ఎవరికీ ఏమీ కావు. అంతా రద్దయిపోయింది" అన్నారు. అమ్మకి ఆ మాట అర్థం కాక, గిన్నె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది.

ఆ కథ అమ్మ ఇప్పటికి కొన్ని వేలసార్లు చెప్పి ఉంటుంది. ఆసుపత్రిలో నర్సుకి చెప్పింది. కరెంటు మీటరు చూసుకోవడానికి వచ్చినవాడికి చెప్పింది. ఆ వీధిలో మిగతా ఇళ్ళవాళ్ళు కబురు తొక్కిపెట్టి నెలల తరబడి పని చేయించుకున్నారట. "మా చిన్నబాబు మటుకు ఒక్క పూట ఆపలేదమ్మా. పేపర్లో సిరా ఆరకముందే వచ్చి చెప్పేశాడు" అంటుంది. ఆ ఒక్క పూటని అమ్మ ప్రతిసారీ రెండుసార్లు చెబుతుంది. ఆ కృతజ్ఞతకి ముప్ఫై ఏడేళ్ళుగా ఆదివారం ఆదివారం ఆయన చొక్కాలు అమ్మే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పట్టుకెళ్ళి ఇస్తుంది. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. ఇంక చాలమ్మా అని ఒకసారి పోట్లాడాను. "వాళ్ళు చేయించుకుంటే వెట్టి. నేను చేస్తే నా ఇష్టం. నీకేంటే మధ్యలో?" అని నా నోరు మూయించింది.

ఇదంతా ఉంది కాబట్టే 'రద్దు' అనే మాట నేను రాస్తానని అడిగి తీసుకున్నాను. మా టైపిస్టు రెండు మాటలకొక కామా పెడతాడు కాబట్టి అతన్ని కామాగారు అంటాం. "రద్దు, రాసేలోపు, మనమే, రద్దైపోతాం, చీటీలమ్మగారూ" అన్నాడు. మాట్లాడేటప్పుడు కూడా అతని నోట కామాలు వినిపిస్తాయి.

అరవై రెండు చీటీలు ఉన్నాయి. బల్ల మీద పరుచుకుని కూర్చున్నాను. ఈ మాట మన సొంతం కాదు. అరబ్బుల దగ్గర పుట్టింది, అక్కడ దీని అర్థం తిప్పికొట్టడం, తిరిగి పంపేయడం. రాజుల కొలువుల్లో, కోర్టుల్లో రాతకోతలు చేసేవాళ్ళ చంకనెక్కి మన దాకా వచ్చింది. పాత చీటీలన్నీ వాళ్ళవే. వేలంపాట రద్దు, పట్టా రద్దు, పూచీకత్తు రద్దు. కాగితాన్ని కాగితం కొట్టేయడమే తప్ప అందులో మనుషులెవరూ లేరు. తర్వాత రైలు రద్దు, సెలవు రద్దు, సినిమా ఆట రద్దు వచ్చాయి. బానిసత్వం రద్దు, వెట్టి రద్దు, ఉరిశిక్ష రద్దు అనే పెద్ద పెద్ద వాడుకలు వచ్చేసరికి అదే గుమాస్తా మాట భుజాలు వెడల్పు చేసుకుని నిలబడింది. ఒక్కోచోట దానికి బదులు నిర్మూలన అని రాశారు. అంటే వేళ్ళతో సహా పెకలించడం. నాకు ఆ మాట మీద గురి లేదు. వేళ్ళు పెకలించిన చోట గొయ్యి కనపడాలి కదా.

ఇతర దేశాల సంగతులు చెప్పే పుస్తకాల నుంచి వచ్చిన చీటీలు కూడా చదివాను. ఒక సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం ఇచ్చారు. ఇచ్చింది యజమానులకి. విడుదలైనవాళ్ళని, ఇంకా పని నేర్చుకోవాలి అనే వంకతో, మరి కొన్నేళ్ళు అదే యజమాని దగ్గర అట్టేపెట్టారు. ఇంకో దేశంలో ఒక మూలకి ఆ కబురు రెండున్నరేళ్ళు ఆలస్యంగా చేరింది. చీటీలన్నీ రెండుసార్లు చదివాక ఒక సంగతి గమనించాను. ఎవరు రద్దు చేశారో ప్రతి వాక్యంలో ఉంది. ఎవరికి చెప్పారో ఒక్కదాంట్లోనూ లేదు.

వెట్టితో జతకట్టిన వాడుకలు ఇంకా కావాల్సి వచ్చాయి. అవి 'వెట్టి' కింద ఉంటాయి. 'వ' పెట్టెలు వెనక గదిలో పై అరలో ఉన్నాయి. ఇంకా వాటి వంతు రాలేదు కాబట్టి కట్టిన తాళ్ళు కట్టినట్టే ఉన్నాయి. కామాగారు స్టూలు పట్టుకున్నాడు, నేనెక్కి దింపాను. తాడు విప్పితే పిండైపోయింది. ముప్పై చీటీలు తిప్పాక అది దొరికింది.

మధ్యలో వాక్యం ఇది: 'ఇండ్లలో వెట్టిగా నున్నవారు కోరిన మరుక్షణమే వెడలిపోవచ్చును, వారిని నిలుపుటకు ఎవరికిని హక్కు లేదు, ఇట్టి కట్టుబాట్లన్నియు నేటి నుండి రద్దు.' కింద ప్రభుత్వ గెజెట్టు సంచిక, తేదీ. ఆ తేదీ చూసి, సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు సంతోషం వేసింది. పెద్ద చట్టం కంటే తొమ్మిదేళ్ళు ముందుది! ఈ వాడుకకి అంతకంటే పాత ఆధారం ఎవరి దగ్గరా లేదు. చీటీలమ్మ బుద్ధి అలాంటిది. కామాగారిని కేక వేయబోయి, ఎవరు రాశారా అని కింద చూశాను.

మాస్టారి పొడి అక్షరాలున్నాయి. కుడివైపుకి ఒరిగే ఆ దస్తూరీ చూసే నేను రాయడం నేర్చుకున్నాను. రాసిన తేదీ గెజెట్టు వచ్చిన యాభయ్యో రోజు. అప్పటికి ఆయన ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడు, నాకు మూడేళ్ళు. చీటీ వెనక్కి తిప్పాను. 'ఈ మాట మీ ఎరుకలో ఇంకా వాడుకలో ఉన్నదా?' అన్న ప్రశ్న కింద, అదే దస్తూరీలో, నీలం సిరాతో, తప్పూ తడకా లేకుండా రాసి ఉంది.

'ఉన్నది. మా ఇంట్లో ఒక తల్లి, ఇద్దరు పిల్లలు.'

స్టూలు మీదే కూలబడ్డాను. కామాగారు మంచినీళ్ళు తెచ్చాడు. దుమ్ము పడలేదన్నాను. నిజానికి ఆ ముగ్గురినీ కలిపి ఎవరైనా ఎక్కడైనా రాసిన కాగితం నేను అంతవరకు చూడలేదు. మాకు ఫోటో లేదు, రేషన్ కార్డు లేదు. అక్క బతికి ఉన్నట్టు ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క రాత అది. దాన్ని రాసినవాడికి, ఆ ముగ్గురూ అడిగిన మరుక్షణం వెళ్ళిపోవచ్చని ఆ కాగితం రెండో వైపు రాసేటప్పటికే తెలుసు.

సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి గెజెట్టు తీయించాను. ఉంది. కుక్కల లైసెన్సుల ఉత్తర్వు కింద, నాలుగు వరుసలు. శిక్ష ఊసు లేదు, దండోరా లేదు. కోరినవాళ్ళకే విడుదల కాబట్టి, కోరవచ్చని తెలియనివాళ్ళు కోరలేదు. తర్వాత పెద్ద చట్టం వచ్చి దీన్ని మింగేసింది. చదువుకున్నవాళ్ళెవరికీ గుర్తు లేదు. గెజెట్టు ఇంటికి తెప్పించుకునేవాళ్ళు ప్లీడర్లే. పాతబడ్డాక అవి అమ్మకి ఇచ్చేవారు, అలమారా అరల్లో పరచమని. ఆ నాలుగు వరుసల మీద అమ్మ ఏ డబ్బాలు సర్దిందో!

అమ్మకి చెప్పలేదు. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు అమ్మకి బీపీ ఎక్కువగా ఉంది. ఆ మర్నాడు బాగానే ఉంది, హుషారుగా ఉంది, ఆ హుషారు చెడగొట్టబుద్ధి కాలేదు. ముసలితనంలో ఆవిడకి మిగిలింది ఆ ఒక్క కథ, దాన్ని లాక్కుని ఏం పెట్టను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మధ్యలో ఆదివారం వచ్చింది. అమ్మ ఏడు చొక్కాలు మడత నలగకుండా గుడ్డసంచిలో పెట్టుకుంది. గేటు గడియ బిగుసుకుపోతే నేనే తీశాను. వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి, స్నానాలగదిలో నీళ్ళు వదిలి ఏడ్చాను.

పదకొండో రోజుకి 'రద్దు' రాత పూర్తయింది. పద్ధతి ప్రకారం ఒక్కో వాడుకకీ అన్నిటికంటే పాత ఆధారం ముందుండాలి. వెట్టి రద్దు అన్న వాడుకకి ఆ చీటీనే ముందు పెట్టి, పిన్ను గుచ్చి, మాస్టారి బల్ల మీదకి పంపాను. ఆయన చూడకుండా ఒక్క కామా కూడా అచ్చుకి వెళ్ళదు. మధ్యాహ్నం రెండింటికి పిలుపు వచ్చింది.

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. ముందు నా రాతప్రతి గురించి మాట్లాడారు.

"నిర్మూలన దగ్గర నీ వివరణ బాగుంది" అన్నారు.

నేను బల్ల మీది చీటీ వైపు చూశాను.

"కూర్చో."

"ఫర్వాలేదండీ."

చీటీని వేలితో బల్ల మీద కాస్త ఇటు జరిపారు. "వ పెట్టె ఎందుకు తీశావు? దానికింకా ఆరేడేళ్ళు ఉందిగా."

అప్పుడర్థమైంది. ఆయన మరిచిపోలేదు. 'వ' దాకా వచ్చేసరికి తాను ఉండనని లెక్క వేసుకుని కూర్చున్నారు.

"మీరే తీసేసి ఉండొచ్చుగా మాస్టారూ. తాళాలు మీ దగ్గరే ఉన్నాయి ఇన్నేళ్ళూ."

"చీటీ ఎలా తీసేస్తాం?" అన్నారు, నిజంగా ఆశ్చర్యపోయి. "ఒకసారి చేరిన చీటీని తీసేయకూడదు."

నవ్వొచ్చింది నాకు. నవ్వు కాదది. మనిషిని తొమ్మిదేళ్ళు పెరట్లో ఉంచొచ్చు, చీటీని పెట్టెలోంచి తీయకూడదు. నిజాయితీ లేని మనిషి కాదు ఆయన. ఉన్న నిజాయితీ అంతా తీసుకెళ్ళి కాగితాలకి పెట్టారు.

"ఎందుకు చెప్పలేదు?"

ఆయన కళ్ళద్దాలు చేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీదే పెట్టేశారు. "నాన్న ఉన్నాడు. నాకేమో చదువు సగంలో ఉంది. ఆయన కాదంటే రోడ్డు మీద పడతాను. అమ్మ మంచాన పడి ఉంది, మీ అమ్మ లేకపోతే ఆవిణ్ణి ఎత్తి కూర్చోబెట్టేవాళ్ళు లేరు. ఈ పరీక్షలు అవనీ అనుకున్నాను. తర్వాత చెల్లెలి పెళ్ళి అవనీ అనుకున్నాను. ఆ తర్వాత... ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని మీ అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు."

"అక్కని పంపిన రోజు అమ్మ అడిగింది. కాళ్ళ మీద పడి అడిగింది. అడిగితే చాలని మీకు తెలుసు."

ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఇంకో రోజైతే నేను లేచి గ్లాసుతో నీళ్ళు అందించేదాన్ని.

"ఆ రోజు తర్వాతే నీకు అక్షరాలు మొదలుపెట్టాను" అన్నారు. "నీకు గుర్తుండదు. ఆ వారంలోనే."

గుర్తుంది. అక్క ఎక్కిన బండి వెళ్ళిపోయిన నాలుగో రోజు, ఆయన పెరటి అరుగు మీద కూర్చుని నన్ను పిలిచి, చేతికి బలపం ఇచ్చారు. నా జీవితంలో అంతకంటే గొప్ప రోజు లేదని నలభై రెండేళ్ళు అనుకున్నాను. అక్క లేని లోటు దేవుడు చూశాడని అమ్మ అంది. ఇప్పుడు తెలిసింది, అది ఆయన తనకి తాను వేసుకున్న మందు. నా కోసం వేసింది కాదు. నా 'అ' నుంచి నా ఉద్యోగం దాకా, 'బాగా చేశావు' దాకా, అన్నీ నా అక్క మీద పడిన మట్టి మీద మొలిచాయి. ఎవరైనా కొట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

"దీన్ని తీసేయమని నేను అడగను" అన్నారు. "ఉండనీ. ముందే ఉండనీ, అది దాని స్థానం. వెనకవైపు ఎలాగూ అచ్చులో రాదు. ఒక్కటే అడుగుతాను తల్లీ. నేనున్నన్నాళ్ళు మీ అమ్మకి చెప్పొద్దు. ఆవిడ దగ్గర నాకున్న ఆ ఒక్క మాట..."

"ఒక్క పూట ఆపలేదన్న మాటా?"

ఆయన తల దించుకున్నారు. "నీకిది ఎప్పుడు దొరికింది?" అని అడిగారు.

"పదకొండు రోజులైంది."

ఆయన తలెత్తారు. మొహం తేటపడింది. ఆ తేటని నేను చచ్చేదాకా మరిచిపోలేను. "ఇంకా చెప్పలేదు కదూ? చూశావా. ఇప్పుడు నీకు అర్థమవుతుంది. చెప్పాలనే ఉంటుంది. ఇవాళ కాదు రేపు అనిపిస్తుంది. అది చెడ్డతనం కాదమ్మా, మనవాళ్ళ మీద జాలి."

చెంప మీద కొట్టినట్టయింది. ఆయన నన్ను తన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టుకుంటున్నారు. ఆ కుర్చీలో నేను పదకొండు రోజులుగా కూర్చునే ఉన్నాను. పిన్ను తీసి చీటీ చేతిలోకి తీసుకున్నాను. "అది ఆఫీసుది, బయటికి తీసుకెళ్ళకూడదు" అని ఆయన నోట్లోంచి అలవాటు కొద్దీ వచ్చేసింది. "రేపు పొద్దున తెచ్చి పెడతాను, మీ పుస్తకానికి ఏం లోటు రాదు" అని మెట్లు దిగాను. దర్జీ ఏదో అన్నాడు. వినిపించుకోలేదు.

మా ఇల్లు రెండు గదులు. అమ్మ ముందు గదిలో చాప మీద కాళ్ళు చాపుకుని, మోకాళ్ళకి తైలం రాసుకుంటోంది. "ఏంటే ఇంత పెందలాడే వచ్చావు? ఒంట్లో బాలేదా?" అంది. ఎదురుగా కింద కూర్చున్నాను. ఎక్కడా ఆగకుండా, మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. ఎక్కడైనా ఆగితే మళ్ళీ రేపటికి వాయిదా పడుతుందని భయం.

"కాదు" అంది అమ్మ. "చిన్నబాబుకి తెలిసుండదు. వాళ్ళ నాన్న దాచుంటాడు. ఆయన అలాంటివాడే."

"చిన్నబాబు చేత్తోనే రాశాడమ్మా."

"చదువు."

చదివాను. వెనక్కి తిప్పి అది కూడా చదివాను. అమ్మ తైలం చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"మళ్ళీ చదువు."

'మా ఇంట్లో ఒక తల్లి, ఇద్దరు పిల్లలు.'

"ఇద్దరు అనే ఉందా?"

"ఇద్దరు."

బయట ఎవరిదో స్కూటరు స్టార్టవ్వక గొడవ పెడుతోంది. కాసేపటికి అది వెళ్ళిపోయింది. నేను అమ్మ ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, ఆయన తరఫున ఇంకో రెండు మాటలు వెతుక్కుంటుందనుకున్నాను.

"పెద్దదాన్ని బండెక్కించినప్పుడు?" అంది.

"అప్పటికి ఇది వచ్చి నాలుగేళ్ళు."

"అడిగితే చాలని ఉందా ఇందులో?"

"ఉంది. కోరిన మరుక్షణం అని ఉంది."

"నేను అడిగాను" అంది అమ్మ, నాకు కాదు, ఇంకెవరికో సాక్ష్యం చెబుతున్నట్టు. "గట్టిగానే అడిగాను. అందరూ విన్నారు. ఆ బాబు నా రెక్క పట్టుకుని లేవదీశాడు. దాని జడ నేనే వేశాను. ఎందుకు వేశానే నేను?"

నేను దగ్గరికి జరగబోయాను. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకెప్పుడు తెలిసింది ఇది?"

ఇవాళే అనొచ్చు. చీటీ మీద నాకు దొరికిన తేదీ ఎక్కడా లేదు. కామాగారు తప్ప సాక్షి లేడు. ఆ ఒక్క మాట అంటే అమ్మకి నేనైనా మిగులుతానని ఆ క్షణంలో నా బుద్ధి నాకు చెప్పింది. ఎవరి దగ్గర నేర్చుకున్న బుద్ధో నాకు తెలుసు.

"పదకొండు రోజులైందమ్మా."

అమ్మ లెక్క పెట్టుకుంటున్నట్టు గోడ మీద క్యాలెండరు వైపు చూసింది. చదవడం రాదు గానీ ఎర్ర అంకెలు ఆదివారాలని తెలుసు.

"మధ్యలో ఆదివారం ఉంది" అంది.

"ఉంది."

"గేటు నువ్వే తీశావు."

అమ్మ లేవడానికి ఒక చెయ్యి నేలకి ఆనించింది. ఎప్పుడూ రెండో చెయ్యి నాకిస్తుంది, నేను పట్టుకుని లేపుతాను. నేను చెయ్యి చాపాను. అమ్మ దానివైపు చూసి, గోడ పట్టుకుని, ఒక్కతే లేచి లోపలి గదిలోకి వెళ్ళింది.